షెడ్డులో గడిచిన చలికాలాలు

మన దగ్గర బైక్ ఉన్నవాళ్లకి చలికాలమంటే పండగే. డిసెంబరు వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున లంబసింగి పొగమంచులోకో, వికారాబాద్ అడవుల వైపో బయల్దేరిపోతారు. స్వెట్టర్, గ్లోవ్స్, దారిలో రెండు టీలు, అంతే ఖర్చు. మనకి బండి తీయలేని రోజులంటే మే నెల మధ్యాహ్నాలు, జులై వానలు. అందుకే చలికాలం వల్ల బైక్ నెలల తరబడి మూలన పడి ఉంటుందంటే వినడానికి వింతగా ఉంటుంది. అమెరికాలోనో, జర్మనీలోనో ఎమ్మెస్ చేస్తున్న మీ సీనియర్‌ని అడిగి చూడండి. నవంబరు వచ్చేసరికి అక్కడి వాళ్లు బండికి కవర్ కప్పేస్తారు. రోడ్డు మీద కంటికి కనపడని మంచు పొర, దాని మీద చల్లిన ఉప్పు, చలికి గట్టిపడి పట్టు తప్పే టైరు రబ్బరు. ఇవన్నీ కలిస్తే రెండు చక్రాల మీద నిలబడటమే కష్టం.

కవర్ కప్పి వదిలేస్తే సరిపోదు కూడా. కార్బురేటర్‌లో నెలల తరబడి నిలిచిన పెట్రోలు జిగురులా మారి సన్నని రంధ్రాలను మూసేస్తుంది. బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లోని ఆమ్లాలు బేరింగులను తింటాయి. అంటే కదలకుండా నిలబడి ఉన్న బండి కూడా పాడవుతూనే ఉంటుంది. అందుకని చలిదేశాల్లో రైడర్లు చలికాలాన్ని బండి విప్పే కాలంగా మార్చుకున్నారు. నడపడం కుదరదు కాబట్టి విప్పుతారు, కడుగుతారు, అరిగినవి మారుస్తారు, మళ్లీ బిగిస్తారు.

ఇది మీకెందుకు చెబుతున్నానో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీలో చాలామందికి ఇప్పుడు నడుస్తున్నది ఇలాంటి కాలమే. డిగ్రీ చేతికొచ్చింది. క్యాంపస్‌కి రావాల్సిన కంపెనీలు వచ్చి వెళ్లిపోయాయి. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. చుట్టాలు మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ ఏం చేస్తున్నావని అడుగుతూనే ఉంటారు. ఈ కాలంలో ఉన్నవాళ్లకి పరిచయం చేయాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు బర్ట్ మన్రో. చనిపోయి నలభై ఏళ్లు దాటిపోయింది. ఒకే ఒక్క బైక్ మీద దాదాపు యాభై ఏళ్లు పనిచేశాడు.

పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. 1899 మార్చి 25న న్యూజిలాండ్‌లోని ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. మ్యాపులో న్యూజిలాండ్‌ని కిందికి జరుపుకుంటూ వెళ్తే దాదాపు చిట్టచివర తగిలే ఊరది. భూమధ్యరేఖకి దక్షిణంగా 46 డిగ్రీల మీద ఉంటుంది. అక్కడ కాలాలు మనకి తలకిందులు. జూన్, జులై, ఆగస్టు చలికాలం. నడిచలికాలంలో పగలు సుమారు ఎనిమిదిన్నర గంటలే. సముద్రం మీంచి వచ్చే గాలి, విడవని తుంపర, పొద్దున్నే నేల మీద తెల్లగా పేరుకునే మంచు. బర్ట్‌తో పాటు పుట్టిన కవల చెల్లి పుట్టగానే చనిపోయింది. ఈ పిల్లాడు కూడా రెండేళ్లకి మించి బతకడని డాక్టర్లు ఇంట్లోవాళ్లకి చెప్పారట. పెరిగింది పొలంలో. గుర్రాలతో మొదలైన వేగం పిచ్చి మోటార్ సైకిళ్ల మీదికి మళ్లింది. యువకుడిగా కొన్నాళ్లు ఒటీరా రైలు సొరంగం పనికి వెళ్లాడు, తర్వాత తిరిగొచ్చి తండ్రి పొలంలో పనిచేశాడు. ఇంజినీరింగ్ కాలేజీ మొహం చూడలేదు.

1920లో ఆయన ఒక ఇండియన్ స్కౌట్ బైక్ కొన్నాడు. పేరు చూసి పొంగిపోకండి, మనకీ దానికీ సంబంధం లేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైన బండి అది, ఆ పేరు అక్కడి ఆదివాసుల నుంచి తీసుకున్నది. 600 సీసీ ఇంజిన్. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని గరిష్ఠ వేగం గంటకి 55 మైళ్లు, అంటే 89 కిలోమీటర్లు. ఇవాళ కాలేజీ పార్కింగ్‌లో నిలబెట్టిన 125 సీసీ బండి కూడా ఆ వేగాన్ని దాటేస్తుంది.

ఆ రోజుల్లో అదేం చిన్న వేగం కాదు. బర్ట్‌కి సరిపోలేదంతే. డబ్బుంటే ఇంకో బండి కొనేవాడేమో. లేదు కాబట్టి ఉన్నదాన్నే విప్పడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగాలి. విజయగాథలు రాసేవాళ్లు సాధారణంగా దీన్ని దాటేస్తారు. బర్ట్ మొదటి రోజునే అన్నీ వదిలేసి షెడ్డులో కూర్చోలేదు. కొన్నాళ్లు ఆస్ట్రేలియాలో రేసులు ఆడాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఇంటికొచ్చి మోటార్ సైకిళ్లు అమ్మే కొట్టులో సేల్స్‌మన్‌గా, మెకానిక్‌గా కుదిరాడు. పెళ్లయింది, నలుగురు పిల్లలు. పగలు ఉద్యోగం, రాత్రి బండి. చాలాసార్లు రాత్రంతా పనిచేసి పొద్దున్నే డ్యూటీకి వెళ్లేవాడు. ఉద్యోగం మానేసి పూర్తిగా బైకుల మీదే కూర్చున్నది 1940ల చివర్లో, అప్పటికే ఆయనకి యాభై దగ్గర పడుతున్నాయి. అంతకు ముందు పాతికేళ్లకు పైగా ఇది ఆయనకి రాత్రి పనే. జీతం వచ్చే పని చిన్నదైనా సరే చేసుకుంటూ, మిగిలిన టైమ్‌లో తన పని చేసుకున్నాడు. మీలో ఎవరైనా కాల్ సెంటర్ షిఫ్టు చేసుకుంటూ రాత్రిళ్లు పైథాన్ నేర్చుకుంటుంటే, బర్ట్ మన్రో మీ జట్టే.

ఇక షెడ్డులోకి వద్దాం. నాలాంటి మెషీన్ పిచ్చోడికి నోరూరేది ఇక్కడే.

ఆయన దగ్గర ఖరీదైన పనిముట్లు లేవు. మైక్రోమీటర్‌కి బదులు పాత చక్రం స్పోక్ పుల్లని కొలతలకి వాడుకున్నాడు. పిస్టన్లు బయట కొనలేదు, కరిగించిన లోహాన్ని పాత డబ్బాల్లో పోసి తనే పోత పోసుకున్నాడు. సిలిండర్ బ్యారెళ్లకి పాత గ్యాస్ పైపుల పోత ఇనుము. కనెక్టింగ్ రాడ్లు ట్రాక్టర్ ఇరుసు ఉక్కులోంచి చేత్తో చెక్కి, ఆకురాయితో రుద్ది, వేడి చేసి చల్లార్చి గట్టిపరిచినవి. ఫ్లైవీల్స్, క్యామ్‌లు కూడా సొంతమే. స్కౌట్‌కి పుట్టుకతో ఉన్నది సైడ్ వాల్వ్ ఇంజిన్, అంటే వాల్వులు సిలిండర్ పక్కన ఉంటాయి. మంట గదికి గాలి, పెట్రోలు తిరుగుదారిలో వస్తాయి కాబట్టి ఎక్కువ పవర్ తీయడం కష్టం. బర్ట్ దాన్ని ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్‌గా మార్చేశాడు. మెకానికల్ వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగిలినవాళ్ల కోసం చెబుతున్నా: ఒక పాత ఇంటి గోడలు అలాగే ఉంచి లోపలి గదులు, మెట్లు, పైకప్పు అన్నీ మార్చేయడం లాంటి పని అది. అదీ నడిచే బండిలో.

చెక్కినవన్నీ పనిచేయలేదు. చాలావరకు పేలిపోయాయి. పిస్టన్ కరిగేది, రాడ్ విరిగేది, ఇంజిన్ లోపలే ముక్కలయ్యేది. అప్పుడు మళ్లీ విప్పి, ఎక్కడ విరిగిందో చూసి, ఆ చోట కాస్త మందం పెంచో, ఉక్కు మార్చో ఇంకోటి చేసేవాడు. పాడైన భాగాలను పారేయలేదు. షెడ్డులో ఒక అలమరా నిండా పేర్చుకుని, వేగ దేవుడికి పెట్టిన నైవేద్యాలని పేరు పెట్టుకున్నాడు. మనం ఫెయిలైన ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని ముందు డిలీట్ చేస్తాం. ఆయన గోడకి ఎదురుగా పెట్టుకుని రోజూ చూసుకున్నాడు. నా మటుకు నాకు ఆయన రికార్డుల కంటే ఆ అలమరానే ఎక్కువ నచ్చుతుంది.

బయట రోడ్డు తడిగా, గాలిగా ఉన్నన్నాళ్లూ ఇదే పని. వాతావరణం అనుకూలించిన రోజున బండిని ఊరికి దగ్గర్లోని ఓరెటి బీచ్‌కి తీసుకెళ్లేవాడు. కిలోమీటర్ల కొద్దీ సాగే గట్టి ఇసుక తీరం అది. పోటు తగ్గి ఇసుక గట్టిపడితేనే పరుగు, లేకపోతే తిరిగి షెడ్డుకే. 1957లో అక్కడ గంటకి 131 మైళ్ల వేగంతో, అంటే సుమారు 211 కిలోమీటర్లతో న్యూజిలాండ్ బీచ్ రికార్డు కొట్టాడు. 55 మైళ్ల బండి 131కి చేరడానికి 37 ఏళ్లు పట్టింది.

ఈ అంకెల వెనకాల ఉన్న ఫిజిక్స్ చూస్తే ఆ 37 ఏళ్లు ఎందుకు పట్టాయో తెలుస్తుంది. గాలి నిరోధం వేగం స్క్వేర్‌తో పెరుగుతుంది. దాన్ని తోసుకుంటూ వెళ్లడానికి కావాల్సిన పవర్ వేగం క్యూబ్‌తో పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే ఎనిమిది రెట్ల పవర్ కావాలన్నమాట. బర్ట్ చివరికి చేరిన 184 మైళ్ల వేగం మొదటి 55కి మూడు రెట్ల పైచిలుకు. బండి ఆకారం మార్చకుండా అంత వేగం రావాలంటే పవర్ 37 రెట్లు పెరగాలి. ఇంజిన్ ఒక్కదాంతో అయ్యే పని కాదది. అందుకే చేప ఆకారంలో ఫైబర్‌గ్లాస్ తొడుగు చేసి, బండి మొత్తాన్ని, అందులో పడుకున్న తనని కూడా దాంతో మూసేశాడు. ఇంజిన్‌ని కూడా 600 నుంచి పెంచుకుంటూ 950 సీసీ దాకా తీసుకెళ్లాడు.

ఆ తొడుగుతో పూర్తి వేగం చూడాలంటే బీచ్ చాలదు. ప్రపంచంలో అందుకు పేరుపడ్డ చోటు అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉన్న బోనవిల్ ఉప్పు మైదానం. దానికీ ఒక సీజన్ ఉంది. చలికాలంలో ఆ మైదానం మీద పల్చగా నీరు నిలుస్తుంది. వసంతం, ఎండాకాలం దాటేసరికి ఆ నీరు ఆవిరై, గచ్చు చేసినట్టు చదునైన గట్టి ఉప్పు నేల మిగులుతుంది. ఆగస్టులో స్పీడ్ వీక్ అనే పరుగుల పండగ జరిగేది అందుకే. తమాషా చూడండి, ఇన్వర్‌కార్గిల్‌లో ఆగస్టు అంటే చలికాలం. సొంత ఊళ్లో బండి తీయలేని రోజుల్లో భూగోళానికి అటువైపు ఎండ కాస్తోంది. బర్ట్ ముందు ఒకసారి చూసి రావడానికి వెళ్లాడు. ఆ తర్వాత 1962 నుంచి బండితో వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 63. మనవాళ్లు రిటైరై పెన్షన్ కాగితాల చుట్టూ తిరిగే వయసు.

మొదటి ఏడాదే 883 సీసీ తరగతిలో గంటకి 178.95 మైళ్లు, అంటే 288 కిలోమీటర్లు. 1966లో 920 సీసీ బండితో మరో రికార్డు, 168.07 మైళ్లు. 1967 ఆగస్టులో 1000 సీసీ తరగతిలో 183.586 మైళ్లు. అప్పుడు ఆయనకి 68 ఏళ్లు, బండికి 47. ఒకవైపు తీసిన అర్హత పరుగులో 190.07 మైళ్లు కూడా తాకాడు. ఇవి ఏదో అనామక రికార్డులు కావు, అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ గుర్తించినవి. ఆ 1967 రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు.

ప్రమాదాలు లేవనుకోకండి. జీవితంలో చాలాసార్లు పడ్డాడు. 1967లోనే ఉప్పు మీద పరుగు సగం దాటాక బండి అటూ ఇటూ ఊగడం మొదలైంది. వేగం తగ్గించడానికి తొడుగులోంచి పైకి లేచి కూర్చుంటే గాలి కళ్లద్దాలను ఊడగొట్టేసింది, ఏమీ కనపడలేదు. చివరికి బండిని పక్కకి పడేసి, చిన్న దెబ్బలతో బయటపడ్డాడు. ఇది ధైర్యమా, మొండితనమా అంటే రెండూనేమో. ఇంట్లో చెల్లించిన మూల్యం కూడా ఉంది. 1940ల చివర్లో పెళ్లి విడాకులతో ముగిసింది. ఆ తర్వాత ఆయన కాపురమే గ్యారేజీలో. ఆయన్ని దేవుణ్ణి చేసి పూజించేవాళ్లు ఈ భాగం చెప్పరు. నేను మాత్రం మీకు చెప్పకుండా ఉండలేను. ఒక పని కోసం అన్నీ పక్కన పెట్టినప్పుడు, ఆ పక్కన పెట్టినవాటిలో మనుషులు కూడా ఉంటారు.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. బోనవిల్‌లో రికార్డు అంటే కొలిచిన ఒక మైలు దూరాన్ని ఒకసారి అటు, ఒకసారి ఇటు పరిగెత్తి, రెండింటి సగటు తీయడం. గాలి ఒకవైపు సాయం చేస్తే రెండోవైపు అడ్డుపడుతుంది కాబట్టి ఈ నియమం. గంటకి 184 మైళ్ల వేగంతో ఒక మైలు దాటడానికి పట్టేది ఇరవై సెకన్ల లోపే. రెండు పరుగులూ కలిపితే నలభై సెకన్లు ఉండదు. 1920 నుంచి 1967 దాకా చేసిన పని కొలతకి నిలబడింది ఆ నలభై సెకన్లలో.

ఇంటర్వ్యూ కూడా అంతే కదా. ఇరవై నిమిషాలో, అరగంటో. వాళ్లు మీ రెజ్యూమేలో ఖాళీగా ఉన్న ఏడాదిని వేలితో చూపించి ఈ టైమ్‌లో ఏం చేశారని అడుగుతారు. చాలామంది ఆ ప్రశ్నకి భయపడి లేని ఇంటర్న్‌షిప్ రాసుకుంటారు. రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఆ ఏడాదిలో మీరు నిజంగా ఒక చిన్న యాప్ చేసి, అది ఎందుకు క్రాష్ అయిందో కనిపెట్టి, మళ్లీ చేసి ఉంటే, ఆ పాడైన వెర్షన్ గురించే పది నిమిషాలు మాట్లాడొచ్చు. గేట్ రాసేవాళ్లకైతే తప్పు చేసిన లెక్కల నోట్‌బుక్, కోర్ బ్రాంచ్ వాళ్లకి చేత్తో విప్పి బిగించిన ఒక పంపు. మూలన పెట్టిన బండిలో పెట్రోలు జిగురైనట్టు, నాలుగు నెలలు ముట్టుకోని డేటా స్ట్రక్చర్స్ కూడా బుర్రలో గడ్డకడతాయి. వారానికి రెండుసార్లయినా ఇంజిన్ స్టార్ట్ చేయండి.

బర్ట్ విషయానికొస్తే, వయసుతో పాటు గుండె జబ్బు ఇబ్బంది పెట్టింది, ఇక రేసులు వద్దని డాక్టర్లు చెప్పారు. 1977లో పక్షవాతం వచ్చాక చేతులు మునుపటిలా సహకరించలేదు. తన బళ్లు ఊరు దాటిపోకూడదని ఇండియన్‌ని, దాంతోపాటు ఎన్నో ఏళ్లుగా మార్చుకుంటూ వచ్చిన మరో బండి వెలోసెట్‌ని ఊళ్లోని వ్యాపారి నార్మన్ హేస్‌కి అమ్మేశాడు. 1978 జనవరి 6న, 78 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. న్యూజిలాండ్‌లో అది నడి ఎండాకాలం.

2005లో ఆయన కథతో ద వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే సినిమా వచ్చింది. రోజర్ డొనాల్డ్‌సన్ తీశాడు, బర్ట్‌గా ఆంథొనీ హాప్కిన్స్ నటించాడు. డొనాల్డ్‌సన్ 1970ల మొదట్లోనే, బర్ట్ బతికుండగా, ఆయన మీద ఒక డాక్యుమెంటరీ తీసి ఉన్నాడు. సినిమా కాబట్టి చాలా ప్రయాణాలను ఒక్క ప్రయాణంగా కుదించారు. చూడండి, బాగుంటుంది. కాకపోతే రెండు గంటల్లో అయిపోయిన ఆ కథలో 47 ఏళ్ల రాత్రులు ఎలా పడతాయి?

ఇంకో ముచ్చట ఉంది, ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఇది మరీ నచ్చుతుంది. 1967 రికార్డు పరుగుల్లో ఉత్తరం వైపు వేగం 184.710 మైళ్లు, దక్షిణం వైపు 183.463. రెండూ కూడి సగం చేయండి. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి, ఫర్వాలేదు. 184.087 దగ్గర తేలుతుంది. కానీ రికార్డు పుస్తకంలో 183.586 అని పడింది. దశాబ్దాల పాటు అది ఎవరి కంటా పడలేదు. చివరికి బర్ట్ కొడుకు జాన్ లెక్క సరిచూసి, తేడా ఉందని అసోసియేషన్‌కి తెలియజేశాడు. 2014లో వాళ్లు తప్పు ఒప్పుకుని అంకె మార్చారు. బర్ట్ పోయిన 36 ఏళ్లకి, బండి అంగుళం కదలకుండానే అర మైలు వేగం పెరిగింది.

ఆ స్కౌట్ ఇప్పుడు ఇన్వర్‌కార్గిల్‌లోని ఈ హేస్ అండ్ సన్స్ దుకాణంలో ఉంది. అది ఇనుప సామాన్ల కొట్టు. మేకులు, రంపాలు, గొళ్లేలు కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు పక్కనే నిలబెట్టిన బండిని చూసి వెళ్తుంటారు. ఆయన పేరు మీద అక్కడ ఏటా బర్ట్ మన్రో చాలెంజ్ అనే మోటార్ సైకిల్ పండగ జరుగుతుంది. ఓరెటి బీచ్ మీద రేసులు కూడా ఉంటాయి. వాటిని ఎండ కాసే నెలల్లోనే పెట్టుకున్నారు. చలికాలం వస్తే ఆ ఊరి రైడర్లు ఇప్పటికీ షెడ్డు తలుపు దగ్గరికి వేసుకుని బళ్లు విప్పుకుంటూనే ఉన్నారు.